పుస్తకం అప్పజెప్తాడు, కొత్త మాట చదవలేడు: గాజువాకలో ఒకటో తరగతి బాబుతో ఫోనిక్స్ – కేస్ స్టడీ

కేసు

బాబు వయసు 6 ఏళ్ళ 2 నెలలు. గాజువాక దగ్గర ఒక ఇంగ్లీష్ మీడియం బడిలో ఒకటో తరగతి. ఎల్‌కేజీ, యూకేజీ కూడా అక్కడే చదివాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాన్నది కాంట్రాక్టు పని, అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది, నాయనమ్మ ఉంది. అ ఆలు, క గుణింతం నేర్పింది నాయనమ్మే. ఈ కేసులో ఆవిడ నేర్పిన గుణింతమే చివరికి ఎక్కువ పనికొచ్చింది.

అమ్మ చెప్పిన ఇబ్బంది ఇది: "పుస్తకం గడగడా అప్పజెప్తాడు మేడం. అదే మాట బిస్కెట్ ప్యాకెట్ మీద చూపిస్తే తెలీదంటాడు." బడి డైరీలో మాత్రం ‘చదవడం – బాగుంది’ అని ఉంది. రెండూ నిజమే. పాఠం మొత్తం బాబుకు నోటికి వచ్చు, వేలు ఒక మాట మీద ఉంటే నోరు మూడో మాట మీద ఉంటుంది. అదే పాఠంలోని మాటల్ని తెల్లకాగితం మీద వరస మార్చి రాసి ఇస్తే ఆగిపోయాడు.

రాతకు సంబంధించి ఒక మాట. ఇక్కడ అక్షరాల పేర్లను ఎస్, టి, పి అనీ, వాటి ధ్వనులను స్, ట్, ప్ అని పొల్లుతోనూ రాశాం. ‘క్యాట్’, ‘ట్యాప్’ మాటల మధ్యలో వినిపించే అచ్చుకు తెలుగు లిపిలో సొంత గుర్తు లేదు గానీ నోట్లో ఉంది. ‘మేక’ అనేటప్పుడు ‘మే’లో పలికేది ‘మేలు’లోని ఏ కాదు, నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది. దాన్ని మేక ధ్వని అంటాం.

మొదటి పరీక్ష

ముందు చెవి, కన్ను చూపించాలి. తరచూ జలుబు చేసే పిల్లల్లో మధ్యచెవిలో నీరు నిలిస్తే స్, ఫ్ లాంటి సన్నని ధ్వనులు వారాల తరబడి చేజారుతుంటాయి. అది పట్టించుకోకుండా ఫోనిక్స్ (అక్షరాల ధ్వనులు కలిపి మాట చదవడం నేర్పే పద్ధతి) చెబితే పిల్లవాడిని అనవసరంగా తప్పు పట్టినట్టవుతుంది. ఈ బాబుకు రెండూ బాగానే ఉన్నాయి.

తరవాత ఐదు చిన్న పనులు చేయించాం. పెద్దక్షరాల పేర్లు 26కు 26 చెప్పాడు. చిన్నక్షరాలు 22. బి, డి, పి, క్యూ ఒకదానికొకటి మారిపోయాయి. ‘ఈ అక్షరం ఏమని పలుకుతుంది’ అంటే 26లో 5 మాత్రమే సరిగ్గా చెప్పాడు. ఎక్కువవాటికి బ, క, ట, మ అని అకారం చేర్చి చెప్పాడు, కొన్నిటికి పేరే మళ్ళీ చెప్పాడు. మూడోది నోటి పని, పుస్తకం లేదు. ఆ–వ–కా–య అని విడదీసి చెబితే ‘ఆవకాయ’ అని వెంటనే కలిపాడు, ఇలాంటివి 10కి 10. అదే బ్–అ–స్ అని విడదీసి చెబితే బిక్కముఖం వేశాడు. ధ్వనుల వారీగా ఇచ్చిన 10 మాటల్లో ఒక్కటే కలిపాడు. నాలుగోది, పుస్తకంలో లేని మూడక్షరాల మాటలు: 10లో 1. ఐదోది, అర్థం లేని మాటలు: 10లో సున్నా.

అర్థం లేని మాటలు ఎందుకని తల్లిదండ్రులు ఎప్పుడూ అడుగుతారు. ‘బ్యాట్’ చూసి ‘బ్యాట్’ అంటే చదివాడో, ఆ బొమ్మలాంటి రాత గుర్తుందో తెలియదు. ‘న్యాప్’, ‘టిమ్’ కాకుండా ‘పిబ్’, ‘ప్యాబ్’ లాంటివి ఇస్తే గుర్తుపెట్టుకున్నదేమీ సాయం రాదు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో తరగతి పిల్లలందరికీ పెడుతున్న ఫోనిక్స్ పరీక్షలోనూ 40 మాటలుంటే అందులో 20 ఇలాంటివే. కాకపోతే ఇవి కొలవడానికే, నేర్పడానికి కాదు. కొన్ని ట్యూషన్లలో అర్థం లేని మాటల జాబితాలనే రోజూ చదివిస్తున్నారు. ఇంగ్లీషు ఇంట్లో వినపడని పిల్లలకు అది శుద్ధ దండగ. ఆ సమయంలో అర్థమున్న మాట చదివితే మాటా వస్తుంది, చదువూ వస్తుంది.

తప్పులు ఏం చెప్పాయి

మార్కులకన్నా తప్పులు ఎక్కువ చెబుతాయి. ‘వెట్’ని ‘డెట్’ అని చదివాడు, ఎందుకంటే డబ్ల్యూ పేరు డ్‌తో మొదలవుతుంది. ‘క్యాప్’ని ‘సాప్’ అన్నాడు, సి పేరు స్‌తో మొదలవుతుంది కాబట్టి. ‘యెస్’ని ‘వెస్’ అన్నాడు, వై వల్ల. అంటే బాబు ధ్వనుల్ని వెతుకుతున్నాడు. వెతుకుతున్నది అక్షరం పేరులో. ‘సి ఏ టి క్యాట్, క్యాట్ మీన్స్ పిల్లి’ అని రెండేళ్ళు వల్లె వేయించిన చదువు నేర్పింది అదే.

రెండో రకం తప్పు ‘ట్యాప్’ దగ్గర బయటపడింది. వేలితో మూడక్షరాలూ చూపిస్తూ ‘ట... యా... ప’ అన్నాడు, కలపమంటే ‘టాయాప’ అయింది. మూడు ముక్కలూ తెలుసు, కలిపితే మాట రాలేదు. దీనికి మూలం తెలుగు అక్షరంలోనే ఉంది. మనకు ‘ప’ అంటే ప్, అ రెండూ కలిసిన ఒకే ముద్ద. ఇంగ్లీషు పి అక్షరం పొల్లు ఒక్కటే. పిల్లవాడికి ‘ప’ ఇంకా విడగొట్టదగ్గదని తెలియదు. ఐ.ఎన్.ఎస్. కురుసుర సబ్‌మెరైన్ పేరు గుక్క తిప్పుకోకుండా చెప్పే విశాఖ పిల్లలకు కూడా ‘బస్’లో మూడు ధ్వనులున్నాయంటే నమ్మకం కుదరదు.

మూడోది తోక ఉకారం. బస్సు, కప్పు, పెన్ను, బెల్టు. తెలుగు మాట అచ్చుతో ముగియడం అలవాటు కాబట్టి ఇంగ్లీషు మాటకీ ఒక ఉ అంటిస్తాం. మాట్లాడేటప్పుడు అది తప్పేమీ కాదు. రాసేటప్పుడే తేలుతుంది: బాబు ‘బస్’ రాయమంటే బి, యు, ఎస్, మళ్ళీ యు రాశాడు. చెవికి వినిపించిందే రాశాడు, ఆ లెక్కన అది మంచి స్పెల్లింగే.

అందుకని ఈ కేసులో ‘అక్షరాలు రావు’ అన్నది సమస్య కాదని తేల్చాం. అక్షరాల పేర్లు ఎక్కువై, ధ్వనిని పొల్లుగా వినే అలవాటు లేకపోవడమే సమస్య. పొల్లు చెవికి పడితే మిగతాది వేగంగా సాగుతుందని అంచనా.

గుణింతం దారి

బజారులో దొరికే ఫోనిక్స్ పుస్తకాలు ఎక్కువగా మాటను వెనక నుంచి కడతాయి. క్యాట్, బ్యాట్, మ్యాట్, ర్యాట్ అని ప్రాస కుదిరే కుటుంబాలు. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్న పిల్లలకు, ఆ ప్రాసల పాటలు ఊయలలో విన్నవాళ్ళకు, అది సులువు. తెలుగు పిల్లవాడికి ముక్క విరిగేది వేరేచోట. ‘పిన్’ని ప్ + ఇన్ అంటే అర్థం కాదు. పి + న్ అంటే చటుక్కున అందుతుంది, ఎందుకంటే ‘పి’ గుణింతంలో ఉంది. అందుకే ముందు నుంచి కట్టాం: హల్లు, అచ్చు కలిపి గుణింతం, దానికి చివర పొల్లు.

ప్రాస కుటుంబాలకు ఇంకో చెడ్డగుణం ఉంది. ఐదు మాటలు వరసగా ‘యాట్’తో ముగిస్తే పిల్లవాడు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తాడు. ఆరో మాట ‘మ్యాప్’ ఇచ్చి చూడండి, ‘మ్యాట్’ అంటాడు. మేం ఇచ్చిన జాబితాల్లో ప్రతి వరసలో ఒక్క అక్షరమే మారుతుంది, కానీ ఏ చోట మారుతుందో ముందే తెలియదు: ప్యాన్, పిన్, టిన్, టిప్, సిప్, సిట్, స్యాట్.

మొదటి వారమంతా ఇంగ్లీషు అక్షరం లేకుండా నోటితోనే సాగింది. నాయనమ్మ నేర్పిన గుణింతాన్ని తిరగేయించాం. ‘కి’లో ఏం దాక్కుంది? క్, ఇ. ‘పా’లో? ప్, ఆ. తరవాత కలపడం: స్... ఈ... సీ. చివరగా బాబు రోజూ వినే మాటలు, పొల్లుతో ముగిసేవి: బస్, బీచ్, షిప్, ఐస్, కప్. విశాఖ పిల్లలకు షిప్పు కొత్త కాదు, ఎప్పుడు బీచ్‌కి వెళ్ళినా కనిపిస్తుంది. ష్–ఇ–ప్. ఒక్కో ధ్వనికి ఒక్కో గవ్వ జరపాలి.

గవ్వలు జరిపే గడులు సోవియట్ మనస్తత్వవేత్త ఎల్కోనిన్ పేరుతో ప్రసిద్ధం. అట్టముక్క మీద 5 సెంటీమీటర్ల గడులు మూడు గీస్తే చాలు. ధ్వని పలికినప్పుడే గవ్వ కదలాలి. ముందే మూడూ జరిపేసి తరవాత మాట చెప్పడం మొదలుపెడితే ఆట అయిపోతుంది, వినడం ఉండదు. గవ్వలు లేకపోతే చింతపిక్కలు, బొత్తాలు ఏవైనా సరే. ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే ఇలాంటి చిన్నవి ఏవీ వద్దు, నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు.

గంటలో సగం కన్నా తక్కువ

పాఠం 25 నిమిషాలు, వారానికి 5 రోజులు. మొదటి 3 నిమిషాలు నోటి పని, గవ్వలతో. 5 నిమిషాలు పాత అక్షరాల కార్డులు, కార్డు చూపిన వెంటనే ధ్వని రావాలి. 7 నిమిషాలు కొత్త అక్షరం, దానితో మాటలు కలపడం. 5 నిమిషాలు డిక్టేషన్. 5 నిమిషాలు అప్పటిదాకా నేర్చిన అక్షరాలతోనే రాసిన వాక్యాలు చదవడం. డిక్టేషన్ వదిలేసే టీచర్లు చాలామంది, సమయం చాలదని. మిగతావాటిలో ఏదైనా తగ్గించొచ్చు గానీ అది తగ్గించకూడదు. చదివేటప్పుడు ఊహించి తప్పించుకోవచ్చు, రాసేటప్పుడు ప్రతి ధ్వనీ వినక తప్పదు.

కార్డులు 8 సెంటీమీటర్ల చతురస్రాలు, చిన్నక్షరాలు మాత్రమే, బొమ్మలు లేకుండా. అచ్చులు ఎరుపు, హల్లులు నలుపు. పుస్తకాల్లో ఎక్కువగా కనపడేవి చిన్నక్షరాలే అయినా మన బళ్ళలో ఎల్‌కేజీ మొత్తం పెద్దక్షరాలతో గడిచిపోతుంది. పెద్దక్షరాలు ఈ పన్నెండు వారాల్లో వాక్యం మొదట్లో, పేర్ల దగ్గర తప్ప వాడలేదు.

అక్షరాల వరస ఏ బి సి డి కాదు. ఎస్, ‘ఏ’, టి, పి, ‘ఐ’, ఎన్‌తో మొదలు. ఇది ఫోనిక్స్ టీచర్లు స్థిరపరచుకున్న దారి. ఇంగ్లండ్ ప్రభుత్వం 2007లో ఇచ్చిన పాఠక్రమంలోనూ మొదటి ఆరు ఇవే. ఈ ఆరింటితోనే రెండు డజన్లకు పైగా మాటలు కుదురుతాయి, స్, న్ సాగదీయడానికి వీలైనవి, ఆకారాలూ ఒకదానితో ఒకటి కలవవు. తరవాత ఎం, డి, జి, ‘ఓ’, సి, కె. ఆపైన ‘ఈ’, ‘యు’, ఆర్, హెచ్, బి, ఎఫ్, ఎల్. రెండక్షరాలు కలిసి ఒకే ధ్వని పలికే టి–హెచ్, సి–హెచ్ లాంటి జంట అక్షరాలు చివరి రెండు వారాల్లో. వారానికి మూడు అక్షరాలకు మించలేదు. ఇంగ్లండ్‌లో ఇంకా వేగంగా వెళతారు, కానీ ఇక్కడ కొత్తది నేర్పడంతో పాటు పాతది మాన్పించాలి.

కలిపే పద్ధతి ఇలా. మూడు కార్డులు దూరదూరంగా పెట్టాలి. మొదటి రెండూ దగ్గరికి జరుపుతూ ఊపిరి తెగకుండా స్‌స్‌స్ నుంచి మేక ధ్వనిలోకి జారాలి. అక్కడ ఆగకూడదు. మూడో కార్డు వచ్చి తాకగానే పెదాలు మూసుకోవాలి: స్యాప్. ధ్వనికీ ధ్వనికీ మధ్య ఖాళీ వచ్చిందా, ఆ ఖాళీలో అకారం దూరుతుంది. అందుకే మొదటి పది రోజులూ సాగే ధ్వనులతో మొదలయ్యే మాటలే ఎక్కువ ఇచ్చాం. ట్, ప్ లాంటి ఆగే ధ్వనులు మాట చివర వస్తే ఇబ్బంది లేదు, మొదట్లో వస్తేనే కష్టం.

ఎక్కడెక్కడ చెడింది

అకారం తోక. ప్, ట్, క్, స్, ఫ్, హ్ ఇవన్నీ గొంతు మోగకుండా పలికేవి. చెయ్యి గొంతు మీద పెట్టుకోమంటే పిల్లవాడే పట్టుకుంటాడు: ‘ప’ అంటే మోగుతుంది, ‘ప్’ అంటే మోగదు. బ్, డ్, గ్ దగ్గర ఈ ఉపాయం పారదు, అవి ఎలా పలికినా కొంచెం మోగుతాయి, ఒంటరిగా పలికితే అకారం వెంట వస్తుంది. అందుకని వాటిని కార్డు మీద ఒంటరిగా అడగడం మానేసి, వెంటనే అచ్చుతో కలిపి గుణింతంగానే అడిగాం: బి, బె, డి, డె. ఈ మార్పుతో ఆ మూడూ గాడిన పడ్డాయి. ఫోన్లలో తిరిగే ఫోనిక్స్ వీడియోల్లో చాలా ‘బ... బ... బాల్’ అనే చెబుతాయి. అమ్మకు ఒకటే పరీక్ష చెప్పాం: వీడియోలో ఎం కార్డు వచ్చినప్పుడు ‘మ్‌మ్‌మ్’ అంటే ఉంచండి, ‘మ’ అంటే తీసేయండి.

ఉకారం తోక. బాబు ‘పిన్’ చదివి ‘పిన్ను’ అనేవాడు. సరిదిద్దకుండా వదిలేశాం, చదువు సరైనదే కాబట్టి. డిక్టేషన్‌లో మాత్రం గవ్వలు లెక్కపెట్టించాం. ‘కప్పు’ అంటే నాలుగు గవ్వలు, గడులు మూడే. అప్పుడు పెదాల పని: ప్ దగ్గర పెదాలు మూసి, మూసే ఉంచాలి, తెరవకూడదు. ట్ దగ్గర నాలుక పైనే ఉండిపోవాలి. న్ దగ్గర ముక్కుతో సాగదీయాలి. చేతి అద్దం ఒకటి ఉంటే పిల్లవాడు తన పెదాలు తనే కాపలా కాస్తాడు. నోట్లో కప్పు, కాగితం మీద మూడు అక్షరాలు. ఈ రెండూ పక్కపక్కన బతకొచ్చని బాబుకు ఐదో వారానికి అర్థమైంది.

అచ్చులు. అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నవి ఇవే. గోడ మీది చార్టులే కొంత కారణం. ‘ఏ ఫర్ యాపిల్’ అంటాం, తెలుగు నోట్లో యాపిల్ మొదటి ధ్వని య్. ‘ఓ ఫర్ ఆరెంజ్’, మొదటి ధ్వని ఆ. ‘ఐ ఫర్ ఐస్‌క్రీమ్’, అది అక్షరం పేరే గానీ పొట్టి ధ్వని కాదు. ‘జి ఫర్ జిరాఫ్’ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇందులో పిల్లవాడి దోషం ఏముంది? చార్టు పక్కన పెట్టి, ‘ఏ’కి మేక, ‘ఐ’కి ఇల్లు, ‘ఈ’కి ఎలుక, ‘యు’కి అరటి, ‘ఓ’కి మాత్రం డాగ్, హాట్ మాటల మధ్యలో ఉండేది అని తెలుగు ఆసరాలే ఇచ్చాం. ఇంగ్లీషు ధ్వనికి ఇవి నూటికి నూరుపాళ్ళు సరిపోవు, చదవడం మొదలుపెట్టడానికి సరిపోతాయి.

ఆ తరవాత జంటలు: కప్–క్యాప్, హట్–హ్యాట్, పిన్–పెన్–ప్యాన్. చివరి మూడింటికీ దవడ మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది, అద్దంలో చూపించాలి. ‘హాట్’ రాయమంటే బాబు మధ్యలో ‘ఏ’ పెట్టేవాడు. కారణం వెతికితే ఇంటి తలుపు మీద దొరికింది. మన పేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆకారానికి ‘ఏ’ వాడతాం: రాము, రాజు, రాధ అన్నింటిలోనూ. బాబు అదే సూత్రం మాటలకూ వర్తింపజేశాడు. పేర్ల స్పెల్లింగు వేరే పెట్టె, మాటల స్పెల్లింగు వేరే పెట్టె అని పుస్తకంలో రెండు పేజీలు విడిగా పెట్టాక తగ్గింది.

‘ఎగ్’ని ‘యెగ్’ అనడం, ‘యెల్లో’ని ‘ఎల్లో’ అనడం తెలుగువాళ్ళందరికీ ఉన్నదే. ఉత్తరాంధ్ర పలుకుబడిలో ‘వెళ్ళు’ ‘ఎల్లు’ అవుతుంది కూడా. దీన్ని దిద్దబోతే పిల్లవాడి ఇంటి మాటను ఎగతాళి చేసినట్టవుతుంది, చదువుకు ఒరిగేది తక్కువ. చేసింది ఒకటే: పొట్టి ‘ఎ’ ధ్వనిని ముందు మాట మధ్యలో నేర్పి (పెన్, నెట్, టెన్), అది స్థిరపడ్డాక మాట మొదట్లోకి తెచ్చాం. అలాగే వి, డబ్ల్యూ రెండింటికీ ఒకే వ్, జె, జడ్ రెండింటికీ దాదాపు ఒకే జ్ వచ్చాయి. చదవడానికి అడ్డు కాదు కాబట్టి ఒప్పుకున్నాం. స్పెల్లింగులో మాత్రం ఏ మాటకు ఏదో గుర్తుపెట్టుకోవాల్సిందే.

టి–హెచ్ జంట మన పిల్లలకు వరం. ‘థిన్’కి త్, ‘దిస్’కి ద్ అని తెలుగు దంత్యాలతో సర్దుకుంటారు, ట్‌తో కలవనివ్వరు. ‘లత’, ‘సునీత’ పేర్లలో టి–హెచ్ చూసిన పిల్లలకు ఇంకా సులువు. బాబు ఒక్కరోజులో పట్టేశాడు. సి–హెచ్ కూడా అంతే, ‘బీచ్’ ఉండనే ఉంది.

బి, డి తారుమారు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రెండింటికీ మధ్య నాలుగు వారాల ఎడం పెట్టాం. బి కర్రతో మొదలు, డి గుండ్రంతో మొదలు. తడి ఇసుక పళ్ళెంలో వేలితో రాయిస్తూ మొదలుపెట్టే చోటునే దిద్దాం. ఇసుక ఒక సెంటీమీటరు మందం చాలు, ఎక్కువైతే గీత కూలిపోతుంది. ఏడేళ్ళదాకా అప్పుడప్పుడు తిరగేయడం మామూలే. దానికోసం డాక్టరు దగ్గరికి పరుగెత్తక్కర్లేదు.

ఇల్లు, బడి

నాయనమ్మకు మొదట్లో నచ్చలేదు. "ఏటమ్మా, ఏబీసీడీలన్నీ గడగడా చెప్పేత్తాడు కదా, మళ్ళీ మొదటికెందుకు?" అని అడిగింది. "మీరు నేర్పిన గుణింతమే కావాలి మామ్మగారూ, రోజూ ఐదు అక్షరాలు విడగొట్టించండి చాలు" అని చెప్పి పని అప్పగించాక ఆవిడే గట్టి టీచరైంది. అన్నం తినిపించేటప్పుడు ‘పప్పు’ మొదట్లో ఏముందిరా అని అడిగేది. ఇంటిపని అంతకుమించి లేదు: రోజూ 8 నిమిషాలు, ఆరు కార్డులు, నాలుగు మాటలు, ఒక వాక్యం. బాబు ఆగితే అమ్మ మాట చెప్పేయకూడదు, మొదటి రెండు ధ్వనులు కలిపి అందించాలి, పొల్లు వాడే తగిలించుకుంటాడు.

బడిలో వల్లె వేయించడం ఆగలేదు, ఆగుతుందని అనుకోలేదు కూడా. 50 మంది ఉన్న క్లాసులో టీచరును పద్ధతి మార్చమనడం జరిగే పని కాదు. క్లాసు టీచరును ఒకటే అడిగాం: వారం డిక్టేషన్ మాటల జాబితా శుక్రవారమే ఇవ్వమని. వాటిలో ధ్వనుల ప్రకారం రాయగలిగేవి గవ్వలతోనూ, కానివి వేరేగానూ చేయించాం. ‘ద’, ‘వాజ్’, ‘సెడ్’ లాంటి మొండి మాటలు వారానికి రెండు మించకుండా. వాటిని కూడా బొమ్మలా బట్టీ పట్టించకూడదు. ‘వాజ్’లో డబ్ల్యూ మామూలుగానే పలుకుతుంది, మారేది మిగతా రెండక్షరాలు, అక్కడే ఎర్ర గీత.

అర్థం సంగతి మరవకూడదు. చదవడమంటే రాత విప్పడం, మాట అర్థం కావడం, ఈ రెండింటి గుణకారమని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ప్రతిపాదించారు. రెండింట్లో ఏది సున్నా అయినా లెక్క సున్నా. బాబు ‘సిప్’, ‘న్యాప్’, ‘పిట్’ చక్కగా చదివి ఖాళీగా చూసేవాడు. చదివిన ప్రతి మాటకూ తెలుగు పక్కనే వచ్చేది: గుక్క, కునుకు, గొయ్యి. ‘ట్యాప్’ అంటే కుళాయి తిప్పి చూపించడమే. మా ఇళ్ళ పక్క ప్రభుత్వ బడి పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటుంది. ఆ పుస్తకం అరువు తెచ్చి వాక్యాలకు వాడుకోవచ్చు.

పన్నెండు వారాల తరవాత

దసరా సెలవుల తరవాత మొదలైన పని సంక్రాంతి ముందు మళ్ళీ కొలిచాం. అక్షర ధ్వనులు 26కు 24, తప్పినవి క్యూ, ఎక్స్. నోటితో ధ్వనులు కలపడం 10లో 9. కొత్త మూడక్షరాల మాటలు 10లో 9. అర్థం లేని మాటలు 10లో 7. పోయిన మూడింటిలో రెండు మేక ధ్వని, పొట్టి ‘ఎ’ మారిపోవడం వల్ల, ఒకటి బి–డి. డిక్టేషన్ 10లో 6. చదువుకు రాత ఎప్పుడూ వెనకే నడుస్తుంది కాబట్టి అది తక్కువేం కాదు. తోక ఉకారం ఒక్క మాటలోనూ లేదు.

వేగం ఇంకా రాలేదు. ప్రతి మాటనీ పైకి విడదీసి, కలిపి, అప్పుడు చెబుతున్నాడు. అమ్మకు ఇదే కంగారు: ఇంతకుముందు గడగడా చదివేవాడు, ఇప్పుడు నత్తనడక అని. ముందున్నది అప్పజెప్పడం, ఇది చదవడం. ఒకే మాట నాలుగైదుసార్లు సరిగ్గా విప్పాక అది దానంతటదే కంటికి అలవాటవుతుంది. తొందరపెడితే మళ్ళీ ఊహించడంలోకి జారుతాడు.

సంక్రాంతికి కుటుంబం శ్రీకాకుళం వైపు ఊరెళ్ళింది. అక్కడ పుస్తకం తీయలేదు, తీయమని చెప్పలేదు కూడా. వచ్చాక చూస్తే పొట్టి ‘ఎ’, సి–హెచ్ పోయాయి. మొదటి ఆరు అక్షరాలు చెక్కుచెదరలేదు, కలపడం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. పోయినవి నాలుగు పాఠాల్లో తిరిగొచ్చాయి.

ఇక ముందున్నది జంట హల్లులు. ‘స్టాప్’, ‘స్పిన్’, ‘స్నాప్’. ఇంట్లో ‘ఇస్కూలు’ వినే పిల్లవాడు మొదట్లో ఇ చేరుస్తాడు, కాబట్టి ముందు స్‌ని సాగదీసి, ఊపిరి తెగకుండా ‘టాప్’లోకి దిగడం సాధన చేయాలి. ఇక్కడ గడులు నాలుగు. ‘స్టీల్ ప్లాంట్’ మాటలోనే మొదట్లో స్ట్, మధ్యలో ప్ల్, చివర న్ట్ మూడూ ఉన్నాయి, గాజువాక పిల్లవాడికి అంతకన్నా మంచి అభ్యాసం దొరకదు. నోటితోనే చేయించాలి, రాత అప్పుడే కాదు. చివరి ‘ఈ’ పలక్కుండా ముందున్న అచ్చును మార్చే ‘కేక్’, ‘బైక్’ రకం మాటలు, కొత్త మూడక్షరాల మాటలు 20లో 18 తడుముకోకుండా చదివేదాకా మొదలుపెట్టకూడదని అమ్మకు, క్లాసు టీచరుకు రాసి ఇచ్చాం. డిక్టేషన్ పుస్తకం ప్రతి శుక్రవారం తెస్తారు.